వరంగల్‌లో ఇల్లు: కాలనీ పేరు కాదు, వీధి మట్టం చూడండి

మీ పరిస్థితి నాకర్థమైనంత వరకు ఇది. మీ ఇంటావిడ కాజీపేటలో టీచర్, మీ పని ఎనుమాముల మార్కెట్ దగ్గర, ఇంట్లో బడికి పోయే పిల్లలిద్దరు, మోకాళ్ల నొప్పులతో ఉన్న అమ్మ. మీరు మూడు చూసిపెట్టుకున్నారు. ఒకటి హంటర్ రోడ్డుకు దిగువన 150 గజాల డాబా, పక్క కాలనీల కంటే బాగా తక్కువకే వస్తోంది. రెండోది ఖిలా వరంగల్‌లో 200 గజాల పెంకుటిల్లు, కూల్చి కట్టుకోవాలని మీ ఆలోచన. మూడోది హసన్‌పర్తి దాటాక వెంచర్‌లో 200 గజాల ప్లాటు. ఏ ఏరియా మంచిదని అడిగారు.

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో "ఏరియా" అనే లెక్కతో ఇల్లు కొంటే మోసపోయేదే ఎక్కువ. ఇది కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల మీద పెరిగిన ఊరు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే దాని కింది దానికి పోవాలి. మధ్యలో ఉన్న కుంటలు కాలనీలయ్యాయి, వాగులు మోరీలయ్యాయి. నీళ్లకు మాత్రం పాత దారే గుర్తుంటుంది. అందుకే ఒకే కాలనీలో ఒక గల్లీ పొడిగా ఉంటుంది, రెండు వందల గజాల దూరంలో ఇంకో గల్లీలో నడుము లోతు నీళ్లుంటాయి. కాలనీ పేరు రెండింటికీ ఒకటే, బ్రోకర్ చెప్పే రేటూ ఇంచుమించు ఒకటే.

2020 ఆగస్టులో, 2023 జులై చివరి వారంలో ఇది అందరికీ కనబడింది. 2023లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వారంలోనే భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. హన్మకొండ వైపు సమ్మయ్యనగర్, నయీంనగర్ నాలా పక్క కాలనీలు, హంటర్ రోడ్డు దిగువన బొందివాగు పక్కనున్న ఎన్టీఆర్ నగర్ లాంటివి మునిగాయి. "అది వందేళ్లకోసారి వచ్చే వాన, తర్వాత నాలా వెడల్పు చేశారు" అని మీకు చెప్తారు. నయీంనగర్ నాలాను వెడల్పు చేసిన మాట నిజమే. కానీ 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపానుకు నగరంలో కాలనీలు మళ్లీ మునిగాయి. ఐదేళ్లలో మూడుసార్లు వచ్చినదాన్ని వందేళ్లకోసారి అనడం కుదరదు. ఇంకో సంగతి, మూడోది వచ్చింది దసరా అయిపోయి వానలు పోయాయని అందరూ అనుకునే రోజుల్లో. కాబట్టి జులై, ఆగస్టు దాటితే గండం గడిచినట్టే అనే లెక్క కూడా తప్పు.

ఇక ఇల్లు మునిగే చోట ఉందా లేదా ఎలా తెలుసుకోవాలి? అమ్మేవాళ్లు చెప్పరు. పక్కింటి సొంతదారులు కూడా చెప్పరు, ఎందుకంటే మాట బయటికి పోతే వాళ్ల ఇంటి రేటూ పడిపోతుంది. చెప్పేది కిరాయికి ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఖాళీ చేసిపోయినవాళ్లు. తర్వాత ఆ లైనులో తిరిగే కరెంటు లైన్‌మన్, నల్లా నీళ్లు వదిలే లైన్‌మన్, మూలమీది కిరాణా కొట్టాయన. వాళ్లను "ఇక్కడ నీళ్లొస్తాయా?" అని అడగొద్దు, "రావు" అని ముగించేస్తారు. "2023లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, ఏ ఇంటి దగ్గర ఆగాయి?" అని అడగండి. వచ్చిన మాట ఖాయం చేసుకుని, ఎక్కడిదాకా అన్నది మాత్రమే తెలియనట్టు అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. చూపించిన గుర్తును కరెంటు స్తంభం మీద మీరే చాక్‌పీసుతో గీసుకోండి, దానితో తర్వాత పనుంది.

ఇంట్లోకి వెళ్లాక గోడలు చూడండి. అన్ని గదుల్లోనూ నేల నుంచి ఒకే ఎత్తులో, తాడు పట్టి గీసినట్టు పెయింట్ రంగు మారిందంటే అది వరద గీత. నేల చెమ్మ అలా ఉండదు. అది వంకరటింకరగా పాకుతుంది, ఒక గోడకు అడుగు, ఇంకో గోడకు మూడడుగులు, పెయింట్ పొక్కి తెల్లటి ఉప్పు రాలుతుంది. చెమ్మకు మందుంది, వరద గీతకు లేదు. అమ్మకం కోసం కొత్త రంగు వేసి ఉంటే గీత కనబడదు. అప్పుడు మెట్ల కింద, అల్మారా వెనుక, బాత్రూం తలుపు ఫ్రేము అడుగున చూడండి. అక్కడ రంగు వేసేవాళ్లు చెయ్యి పెట్టరు. ఇంకొన్ని ఆనవాళ్లు ఉన్నాయి: హాల్లో గోడకు నాలుగడుగుల ఎత్తుదాకా టైల్స్, ప్లగ్ పాయింట్లు నడుం పైకి ఉండటం, కరెంటు మీటరు తలకు మించిన ఎత్తులో కొత్తగా బిగించి ఉండటం, గుమ్మానికి అడ్డంగా ఇటుక కట్ట. ఒక్కటి కనబడితే అలవాటనుకోవచ్చు, రెండు మూడు కలిశాయంటే ఆ ఇల్లు మునిగింది.

తర్వాత మట్టం. మేస్త్రీలు వాడే నీళ్ల పైపు చాలు. యాభై అడుగుల పారదర్శకమైన పైపులో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, ఇద్దరు మనుషులు చెరో కొన పట్టుకుని, ఇందాక స్తంభం మీద గీసిన గుర్తు దగ్గర మొదలుపెట్టి మజిలీలుగా ఇంటి గడప దాకా రావాలి. అరగంట పని. ఇంటి లోపలి నేల ఆ గుర్తు కంటే కనీసం రెండడుగులు పైన లేకపోతే నేనైతే ముందుకు పొమ్మనను. రెండడుగులు ఎందుకంటే, పాత సీసీ రోడ్డు తవ్వకుండానే దాని మీద కొత్తది పోయడం మన దగ్గర రివాజు. పోసిన ప్రతిసారీ రోడ్డు అరడుగు లేస్తుంది. రెండుసార్లు పోస్తే అడుగు పోయినట్టే. పాత ఇళ్లకు ఒకప్పుడు మూడు మెట్లుండి ఇప్పుడు ఒకటే కనబడుతోందంటే, మిగతా రెండూ రోడ్డు కింద ఉన్నాయి. రోడ్డు కంటే గేటు దిగువనున్న ఇంటిని చూసిన వెంటనే వదిలేయండి, ధర ఎంత తగ్గినా సరే. అపార్ట్‌మెంట్ అయితే పైఅంతస్తే కదా అని ఊరుకోవద్దు. సెల్లార్‌లో బండ్లు, లిఫ్టు మోటారు, బోరు స్టార్టరు, మీటర్ల బోర్డు ఉంటే వాన రాత్రి మూడో అంతస్తులో ఉన్నా మీ అమ్మగారు అక్కడే చిక్కుకుంటారు.

కాగితం మీద కూడా నీళ్లను వెతకాలి. గూగుల్ ఎర్త్ ప్రోను కంప్యూటర్లో ఉచితంగా వేసుకోవచ్చు. అందులో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు తేదీలతో సహా ఉంటాయి. మే నెలవి కాకుండా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యవి చూడండి. కుంట ఉంటే అప్పుడే నీళ్లతో కనబడుతుంది, వేసవి చిత్రంలో అది మామూలు ఖాళీ జాగలాగే ఉంటుంది. సర్వే నంబరు పట్టుకుని గ్రామ నక్షా, పాత పహాణీలు (భూమి, సాగు వివరాల రెవెన్యూ రికార్డులు) తీయించండి. "శిఖం" అని గానీ "కుంట" అని గానీ రాసి ఉంటే అది చెరువు లోపలి భూమి. ఇక్కడ ఒక మెలిక ఉంది, చదువుకున్నవాళ్లే ఎక్కువగా పడిపోతారు. శిఖం భూమికి కూడా పట్టా ఉండొచ్చు. నీళ్లు తగ్గిన కాలంలో సాగు చేసుకోవడానికి ఇచ్చిన పట్టా అది, ఇల్లు కట్టుకోవడానికి కాదు. "పట్టా భూమే సార్, ఈసీ క్లీన్" అని చూపిస్తారు (ఈసీ అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే కాగితం). రెండూ నిజమే కావొచ్చు, ఇల్లు మాత్రం చెరువులోనే ఉంటుంది. ఇంటి నంబరు, ఇంటిపన్ను రశీదు, కరెంటు మీటరు ఉన్నాయి కదా అనేది కూడా అంతే. పన్ను కట్టించుకున్నంత మాత్రాన కట్టడం సక్రమమని కార్పొరేషన్ ఒప్పుకున్నట్టు కాదు.

2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం విడిచిపెట్టాల్సిన దూరాలు ఇవి. పది హెక్టార్లు, అంటే దాదాపు పాతిక ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండిన చెరువు మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు. అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు. పది మీటర్ల కంటే వెడల్పైన వాగు, నాలాల హద్దు నుంచి 9 మీటర్లు, సన్నవాటికి 2 మీటర్లు. దూరం కొలవాల్సింది ఇవాళ నీళ్లున్న అంచు నుంచి కాదు, చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే గీత నుంచి. ఆ గీత నీటిపారుదల శాఖ, రెవెన్యూ రికార్డుల్లో ఉంటుంది. కుడాలో (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థలో) అడిగి, మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో, ఏ రోడ్డు విస్తరణలో పోతుందో కూడా అప్పుడే చూసుకోండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) వెతకడం పది నిమిషాల పని, అది వదలొద్దు. (మాటల్లో తికమక పడకండి: మన దగ్గర నాలా అంటే మోరీ, వ్యవసాయ భూమిని ఇళ్ల జాగగా మార్చే కాగితాన్ని కూడా నాలా అనే అంటారు, ఇంట్లో నీళ్లొచ్చేది నల్లా. "నాలా క్లియర్ ఉంది" అని బ్రోకర్ అంటే ఏ నాలా అని అడగండి.)

నేల గురించి కూడా ఒక మాట. పూడ్చిన కుంట మీద ప్లాటని అనుమానం ఉంటే ఓనరు ఒప్పుకున్నాక ఐదారడుగుల గుంత తవ్వించండి. మొరం గానీ ఎర్రమట్టి గానీ వరుసగా వస్తే మంచిదే. పైన మొరం, కింద ఇటుక ముక్కలు, ప్లాస్టిక్, అడుగున వాసనొచ్చే నల్లటి ఒండ్రు వస్తే అది చెరువు మట్టి. అక్కడ మామూలు పునాది వేస్తే ఏడాదికో గోడ పగులుతుంది.

నీళ్లు ఎక్కువైతే వచ్చే కష్టం ఇంతవరకు, ఇక తక్కువైతే. నల్లా కనెక్షన్ ఉందనడం వేరు, రెండో వీధి చివరన ఉన్న మీ ఇంటికి ఒత్తిడితో నీళ్లు రావడం వేరు. నీళ్లొదిలే వేళకు వెళ్లి బకెట్ పెట్టి చూడండి, 15 లీటర్ల బకెట్ నిండటానికి ఎన్ని నిమిషాలు పడుతుందో మీకే తెలుస్తుంది. గుట్టల పక్క కాలనీలు వరదకు భేషుగ్గా ఉంటాయి గానీ, కింద బండ ఉంటుంది కాబట్టి బోర్లు ఏప్రిల్, మే నెలల్లో ఎండుతాయి. ట్యాంకర్ ఏ నెల నుంచి పిలుస్తారని పక్కవాళ్లను అడగండి, ఇది మాత్రం సొంతదారులు నిజమే చెప్తారు. కోతుల సంగతి కూడా అక్కడే తేలుతుంది. బాల్కనీలకు జాలీలు కొట్టి, సంపు మూతల మీద బండలు పెట్టి ఉంటే మీరేమీ అడగక్కర్లేదు. బోరు నీళ్లు తాగాల్సి వస్తే పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మన ఊళ్లో ఎక్కువ ఇళ్లకు సెప్టిక్ ట్యాంకే గతి కాబట్టి, మీదే కాదు, మీ బోరుకు పక్కింటి గుంత ఎంత దూరమో కూడా చూడండి. యాభై అడుగులన్నా ఉండాలి. 150 గజాల ప్లాట్ల వరుసలో అది దాదాపు అసాధ్యం, అందుకే అలాంటి చోట బోరు నీళ్లు గిన్నెలకు, స్నానాలకే పెట్టుకోండి.

చప్పుడు, రద్దీల గురించి క్లుప్తంగా చెప్తాను, ఇవి అలవాటవుతాయి. హంటర్ రోడ్డు పొడవునా ఫంక్షన్ హాళ్లు, ముహూర్తాల నెలల్లో డీజేలు, గేటు ముందు కార్లు. ములుగు రోడ్డు రెండేళ్లకోసారి మేడారం జాతర వారంలో మీది కాదు. మడికొండ వైపు చూసేవాళ్లు డంపింగ్ యార్డు గాలి ఏ వైపు వస్తుందో సాయంత్రం పూట నిలబడి చూడాలి. మామునూరు విమానాశ్రయం పేరు చెప్పి అమ్మే ప్లాట్లకు రేటులో విమానాలు ఇప్పటికే దిగేశాయి, ఎత్తుకు అనుమతులు, చప్పుడు మాత్రం తర్వాత వస్తాయి. మీ పని దగ్గరే కదా అని ఎనుమాముల పక్కన మాత్రం తీసుకోవద్దు. ఫిబ్రవరి నుంచి మిర్చి సీజన్‌లో ఆ లారీల వరుస, ఘాటు మీకు అలవాటే గానీ, ఇంట్లో పెద్దావిడ, పిల్లలు రాత్రంతా దగ్గుతారు.

ఇప్పుడు మీ మూడింటికి వస్తాను.

హంటర్ రోడ్డు ఇల్లు తక్కువకు వస్తోందంటే ఊరికే రాదు. పైన చెప్పిన గోడ గీత, నీళ్ల పైపు, కిరాయిదార్ల మాట, మూడూ చూడండి. మూడూ అనుకూలంగా వస్తే అది నిజంగా మంచి బేరం, ఎందుకంటే ఆ వైపు ఎత్తు గల్లీలు కూడా కింది గల్లీల చెడ్డపేరును మోస్తున్నాయి. ఒక్కటి తేడా వచ్చినా వదిలేయండి. నేల ఎత్తు పెంచుకుంటే సరిపోతుందని మేస్త్రీ అంటాడు. రెండడుగులు మట్టి పోస్తే పైకప్పు రెండడుగులు దగ్గరవుతుంది, తలుపులు కిటికీలు మార్చాలి, పైగా వీధిలో నడుము లోతు నీళ్లుంటే మీ అమ్మగారిని ఆస్పత్రికి ఎట్లా తీసుకుపోతారు?

ఖిలా వరంగల్ పెంకుటిల్లు విషయంలో కూల్చడం అనే మాటే ఇబ్బంది. పురావస్తు శాఖ రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్తగా కట్టడం నిషేధం, 2010 సవరణ తర్వాత ఇది చాలా గట్టిగా ఉంది. మరమ్మతుకు కూడా అనుమతి కావాలి. ఆ తర్వాతి 200 మీటర్లలో ముందస్తు అనుమతితోనే కట్టాలి, ఎత్తు మీద పరిమితి పెడతారు. ఖిలా వరంగల్ అంటే కోటే, అందులో రక్షిత కట్టడాలు ఒకచోట లేవు, కాబట్టి మీ ఇంటికి ఏ హద్దు దగ్గరో కొనకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. హన్మకొండలో వేయిస్తంభాల గుడి చుట్టూ కూడా ఇదే చట్టం. ఉన్న ఇంట్లో ఉన్నట్టే ఉంటామంటే తీసుకోండి, డూప్లెక్స్ ఆశతో మాత్రం వద్దు. కూల్చాక అనుమతి రాకపోతే చేతిలో మిగిలేది మట్టికుప్పే.

హసన్‌పర్తి వెంచర్‌కు లేఅవుట్ అనుమతి నంబరు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రెండూ అడిగి మీరే వెబ్‌సైట్‌లో సరిచూడండి. తాత్కాలిక అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లు, మోరీలు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు ప్రభుత్వానికి తాకట్టులో ఉంటాయి. మీ ప్లాటు నంబరు ఆ జాబితాలో ఉంటే ముందు విడుదల కాగితం చూపించమనండి. "ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) కట్టేస్తే అయిపోతుంది" అనే వెంచరైతే ఆ మాటతోనే లేచి వచ్చేయండి. 2020 ఆగస్టు తర్వాత వేసిన అక్రమ లేఅవుట్‌కు ఆ పథకం వర్తించదు, చెరువు హద్దులో ఉన్నదానికి ఎప్పుడు వేసినా వర్తించదు. అన్నీ సరిగా ఉన్నా, మీ ఇంట్లో రోజూ ఒకరు కాజీపేటకు, ఒకరు ఎనుమాములకు పోవాలి. హసన్‌పర్తి అవతలి నుంచి ఇద్దరికీ దూరమే, పిల్లల స్కూలు బస్సు మూడో లెక్క. పెట్టుబడి అనుకుంటే సరే, పదేళ్లలో అక్కడ ఊరు వస్తుంది. ఇల్లనుకుంటే కాదు.

మీరు చూడనిది ఒకటుంది. హన్మకొండ మధ్యలో, నక్కలగుట్ట, సుబేదారి, బాలసముద్రం చుట్టుపక్కల పాత లేఅవుట్లలో 100 నుంచి 120 గజాల పాత ఇల్లు, ఎత్తు గల్లీలో. (బాలసముద్రం పేరులోనే నీళ్లున్నాయి, అక్కడ కూడా పైపు పట్టే కొలవండి.) గజం రేటు చూస్తే గుండె ఆగుతుంది గానీ, గజాలు తక్కువ కాబట్టి మొత్తం మీ అంచనాకు మరీ దూరం పోదు. రెండు ఉద్యోగాలకూ మధ్యలో ఉంటారు, ఆస్పత్రులు దగ్గర, అమ్మగారికి కింది అంతస్తు. ఇప్పుడే కొనకుండా, నచ్చిన గల్లీలోనే జూన్ నుంచి నవంబరు దాకా కిరాయికి దిగండి. ఆరు నెలల కిరాయి పోయిందనుకోవద్దు. గట్టి వాన పడ్డ రాత్రి పదకొండుకు గొడుగు వేసుకుని గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. ఓనరు తొందరపెడితే బయానా కొద్దిగానే ఇచ్చి, "కొలతలు, ఎఫ్‌టీఎల్ హద్దు, రోడ్డు విస్తరణ సరిచూసుకున్నాకే మిగతా సొమ్ము, తేడా వస్తే బయానా వాపసు" అని అగ్రిమెంటులో రాయించండి. ఆ వాక్యం రాయనంటే ఎందుకు రాయడో అడగండి.